ఊరి వెనక గుట్ట

"ఆడ ఏముందని పోతాండావురా? గుడి లేదు, గోపురం లేదు, తాగను చుక్క నీళ్ళు ల్యావు."

ప్రొద్దుటూరులో ఒక ఆదివారం తెల్లవారుజామున నేను బూట్లు వేసుకుంటుంటే మా మేనత్త అడిగిన మాట ఇది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "ఊరికే అత్తా, అట్ల పోయొస్తా" అని బయటపడినాను. ఈ అధ్యాయమంతా ఆమెకు ఆలస్యంగా చెబుతున్న జవాబు అనుకోండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ మిద్దె ఎక్కి నిలబడినా ఏదో ఒక దిక్కున గుట్టలు కనబడతాయి. పడమటన ఎర్రమల, దక్షిణాన పాలకొండలు, తూర్పున నల్లమల. వీటి చుట్టూ లెక్కలేనన్ని చిన్న గుట్టలు. ఎత్తు పెద్దగా ఉండదు, గంట గంటన్నరలో పైకి చేరుకోవచ్చు. చెట్టు తక్కువ, పొద ఎక్కువ. బలుసు, రేగు, కలివి, తంగేడు, వానల తర్వాత మోకాలెత్తు బోదగడ్డి, వాటి మధ్య ఎండకు కాలి ఎర్రబడిన బండలు. బస్సులో పోతూ కిటికీలోంచి చూసేవాళ్ళకు బోడిగుట్ట. అలాంటి గుట్టను ఎక్కడం గురించే నేను చెప్పబోయేది.

మన జిల్లాకు వచ్చినవాళ్ళంతా గండికోటకు పోతారు. పోవాల్సిందే. జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో పెన్న ఎర్రమలను చీల్చుకుని పారిన ఆ గండిని ఒకసారైనా చూడాలి. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, అన్నీ చూడాలి. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే అక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసి పోయినాడు. అయితే అక్కడికి పోయిన మనం ఏం చేస్తున్నాం? గండి అంచున నిలబడి ఫోటో తీసుకుంటాం, ఎండ పెరగకముందే తిరిగొస్తాం. అదే ఎర్రమల వరుస గండికి వీపు తిప్పి ఇంకో పక్కకు సాగిపోతుంది. అటు పోయేవాళ్ళు మేకలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. చూడాల్సిన దాన్ని చూసేశామని వెనక్కి తిరిగే చోట మన మనసుకు పని మొదలవుతుందని నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను.

పేరున్న చోటికి పోతే ఏం చూడాలో ముందే తెలిసి ఉంటుంది. కన్ను దాన్ని వెదికి, దొరకగానే ఆగిపోతుంది. చూడటానికి ఏమీ లేదనుకున్న చోట కన్ను ఊరికే ఉండలేదు. రాయి రంగు చూస్తుంది, గడ్డి ఎటు వాలిందో చూస్తుంది, ఉడుము తోక ఈడ్చుకుపోయిన గీత చూస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా అంగడి లెక్కలు, చీటీ డబ్బులు, పిల్లల ఫీజులు, ఫోన్లో ఆగని మెసేజీలు. ఇన్నింటి మధ్య నలిగిన మనసుకు కావలసింది ఇంకో గొప్ప దృశ్యం కాదు. ఏదీ తనను పిలవని చోటు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 2015లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధన ప్రకటించారు. కొందరిని తొంభై నిమిషాలు ఊరవతల నడిపించారు, మరికొందరిని వాహనాలు పోయే పెద్ద రోడ్డు పక్కన అంతే సేపు నడిపించారు. ఊరవతల నడిచినవాళ్ళలో జరిగిందే తలుచుకుని తలుచుకుని కుమిలిపోయే గుణం తగ్గింది, రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో తగ్గలేదు. ఇందులో నాకు నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. వాళ్ళు నడిచింది దట్టమైన అడవిలో కాదు, జలపాతం దగ్గరా కాదు. అక్కడక్కడ చెట్లు, పొదలు ఉన్న గడ్డినేల. మన గుట్టకు దగ్గరి చుట్టం.

నడకకూ మనసుకూ ఉన్న సంబంధం ప్రొద్దుటూరు వాళ్ళకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవాన్ని మన ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణలు చేస్తూ అల్లినారని పెద్దలు చెప్పుకుంటారు. కాలు లయ పట్టుకుంటే మాట తానే వస్తుంది. మనమంతా కవులం కాకపోవచ్చు. నెలల తరబడి తేలని ఒక నిర్ణయం, ఎవరికి ఎలా చెప్పాలో తెలియని ఒక మాట, అవి నడకలో తేలిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక ఎలా నడవాలో చెబుతాను.

కాలం ముందు చూసుకోండి. స్వాతి కార్తె దాటి వానలు తగ్గుముఖం పట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మన గుట్టలకు మంచి రోజులు. మార్చి వచ్చిందంటే బండ తొమ్మిదింటికే కాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో గుట్ట ఎక్కడం సాహసం కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. చలికాలంలో కూడా వెలుగు రాగానే మొదలుపెట్టి పదింటికల్లా కింద ఉండేలా చూసుకోండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఇందులో బేరం లేదు. గుట్ట మీద నీళ్ళు దొరుకుతాయని ఆశ పడొద్దు. వానకు బండ గుంతల్లో నిలిచిన నీళ్ళు పిట్టలకు, కుందేళ్ళకు. వేయించిన బుడ్డలు, బెల్లం ముక్క, లేదంటే జొన్నరొట్టెలో ఊరిబిండి పెట్టి చుట్టుకున్నా చాలు. ప్లాస్టిక్ కవర్లలో చిప్స్ వద్దు, ఆ కవర్లు అక్కడే ఉండిపోతాయి. నిండు ప్యాంటు, మడమ దాటే బూట్లు వేసుకోండి. మన గుట్టల రాయి పలకలు పలకలుగా విరుగుతుంది, అంచులు పదునుగా ఉంటాయి. పలక మీద అడుగు పెట్టే ముందు కదులుతుందేమో తడిమి చూడండి. పొదలోకి, బండ కిందికి చూడకుండా చెయ్యి పెట్టొద్దు. పింజర జాతి పాములు రాయి రంగులో కలిసిపోతాయి. పొరపాటున కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ చేయకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి చేరండి.

ఏ గుట్ట ఎక్కొచ్చో, ఏది ఎక్కకూడదో తెలుసుకోవడమూ ముఖ్యమే. చాలా గుట్టలు రిజర్వు ఫారెస్టు కిందికి వస్తాయి. పాలకొండలు, లంకమల వైపు ఎర్రచందనం ఉన్న అడవి. అక్కడ అనుమతి లేకుండా తిరగడం తప్పు, ప్రమాదం కూడా. అటవీశాఖ వాళ్ళను ముందే అడగండి. ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి పోండి. మగవాళ్ళకైనా తోడు ఉంటే మంచిదే. తోడు వచ్చేవాళ్ళతో ఒక్క ఒప్పందం చేసుకోండి: మొదటి అరగంట ఎవరూ మాట్లాడకూడదు.

ఈ అధ్యాయంలో ఒక్క సలహా మాత్రమే గుర్తు పెట్టుకుంటానంటే, ఈ అరగంట మౌనాన్నే పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు మనసు కిందనే ఉంటుంది. నిన్న ఎవరో అన్న మాటకు లోపల లోపలే బదులు చెబుతుంటాం. తర్వాత ఊపిరి పెరుగుతుంది, అడుగు చూసుకోక తప్పదు. ఎక్కడో పొదలోంచి కంజు పిట్టలు బుర్రుమని లేస్తాయి. గుండె ఝల్లుమంటుంది. ఆ క్షణం నుంచి చెవి తెరుచుకుంటుంది. గాలికి ఎండుగడ్డి రాసుకునే చప్పుడు, దూరంగా మేక మెడ గంట, కింద ఎక్కడో పొలంలో మోటారు మోత. ఊళ్ళో మనం ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకముందే బదులు వెదుక్కుంటాం. గుట్ట మీద బదులు చెప్పాల్సిన పని లేని చప్పుళ్ళు వింటాం. ఇది అలవాటయ్యాక నేను ఇంట్లో కూడా మాట మధ్యలో అందుకోవడం తగ్గించానని మా ఇంటావిడ చెప్పింది. గుట్ట నాకిచ్చిన అన్నింటిలో పెద్ద బహుమతి అదేనని నమ్ముతాను.

పైకి చేరాక కూర్చోండి. ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి. ఒక్క బండను ఎంచుకుని దాన్నే చూడండి.

పులివెందుల దగ్గర ఒక గుట్ట మీద నేను ఎప్పుడూ కూర్చునే బండ ఉంది. దాని మీద అరచెయ్యి పెడితే వేళ్ళ కింద అలలు తగులుతాయి. వరసగా, వేలెడు దూరంతో, మెత్తగా లేచి దిగే మడతలు. పెన్నలో నీళ్ళు తీసిన తర్వాత ఇసుకలో మిగిలే మడతల్లాగే ఉంటాయి. మొదట ఎవరో ఉలితో చెక్కారనుకున్నాను. తర్వాత తెలిసింది, అవి నిజంగా నీటి అలలే. ఒకప్పుడు ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక మీద నీళ్ళు గీసిన గీతలు అలాగే గట్టిపడి రాయి అయినాయి. ఆ రాతి పొరకు భూగర్భ శాస్త్రంలో పేరు పులివెందుల క్వార్ట్‌జైట్. దాని పై పొరల్లోకి చొచ్చుకొచ్చిన నల్లరాతి వయసు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, దాదాపు 188 కోట్ల ఏళ్ళు. అంటే నా అరచెయ్యి కింది అల అంతకంటే పాతది. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, పిట్ట లేదు.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఈనాటికీ కడప బేసిన్ గురించి ఏ దేశం వాళ్ళు రాసినా వేంపల్లె, పులివెందుల, గండికోట అనే మన ఊళ్ళ పేర్లు రాయాల్సిందే. బోడిగుట్ట అని మనం చిన్నచూపు చూసే ఆ రాయిని ప్రపంచం మన ఊరి పేరుతో పిలుస్తోంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు కళ్ళు చెమర్చాయి. మరుసటి వారం మనసును నమిలేస్తున్న ఒక అప్పు గొడవతో ఆ బండ మీద కూర్చున్నప్పుడు, గొడవ చిన్నదైపోలేదు గానీ దాన్ని మోయడానికి నాకు ఒక నేల దొరికింది.

మనకంటే ముందు ఈ బండల దగ్గర మనుషులు చాలాసేపే కూర్చున్నారు. ముద్దనూరు దగ్గర చింతకుంటలో రాతి చరియల మీద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి, జంతువులవీ మనుషులవీ. చూడటానికి పోతే ముట్టుకోవద్దు, నీళ్ళు చల్లి ఫోటో తీయొద్దు, పక్కన పేర్లు రాయొద్దు. వేల ఏళ్ళు ఎండకూ గాలికీ నిలిచిన రంగు మన చేతి చెమటకు నిలవదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీరు చేయకూడదనే చెబుతున్నాను.

ఒకసారి ఎక్కిన దారిన కాకుండా అవతలి పక్క దిగితే రోడ్డు దగ్గరవుతుందని లెక్కేసుకున్నాను. ఒక వంక పట్టుకుని దిగినాను. వానాకాలంలో నీళ్ళు దూకే చోటికి వచ్చేసరికి రెండు నిలువుల లోతు, కింద గుండ్లు. వెనక్కి ఎక్కుదామంటే పలకలు జారుతున్నాయి. పదకొండు దాటింది, నీళ్ళు అయిపోయినాయి, ఫోన్‌లో సిగ్నల్ లేదు. అప్పుడు పైనుంచి కేక వినబడింది.

"ఓ సామీ! ఆ వంకన దిగితే కాళ్ళిరుగుతాయి. ఆడనే నిలబడు."

మేకల కాపరి. డెబ్బై ఏళ్ళుంటాయి. చేతికర్ర అందించి పక్కనున్న రాతి మెట్ల మీదుగా పైకి లాగినాడు. తడి గోనెపట్ట చుట్టిన సీసాలోంచి నీళ్ళు పోసినాడు. నేను తాగేదాకా ఏమీ అనలేదు. తర్వాత అడిగినాడు.

"ఒక్కనివే వచ్చినావా నాయనా? ఇంట్లో చెప్పొచ్చినావా?"

"లేదు తాతా."

"చెప్పి రావల్ల. ఎక్కిన దారినే దిగల్ల."

అంతే. గుట్ట నడక గురించి నేను చదివినవాటిలో దీనికి మించిన పాఠం లేదు. ఏ గుట్టకు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. కింద పల్లెలో మేకలవాళ్ళనో గొర్రెలవాళ్ళనో పలకరించి దారి అడగండి. వాళ్ళు గంట ముందే మిమ్మల్ని చూసి ఉంటారు. ఆ తాత నన్ను పొద్దున ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచీ కనిపెడుతూనే ఉన్నాడట.

వాళ్ళకు తెలిసినది తక్కువేం కాదు. సిద్ధవటం వైపు లంకమల పొదల్లో బతికే కలివికోడి అనే పక్షి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో అది మళ్ళీ దొరికింది, అదీ స్థానికుల సాయంతో. శాస్త్రం లేదనుకున్న పిట్టకు అక్కడి పల్లెల్లో పేరు ఉంది. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. ఎవరూ నడవని పొదల్లో ఏముందో నడిచేవాళ్ళకే తెలుస్తుంది.

మన బోడిగుట్టల్లాగే ఇంగ్లండులో మోర్‌ల్యాండ్ అని పిలిచే ఎత్తైన బోడి నేలలు ఉంటాయి. చెట్లుండవు, గడ్డీ పొదలూ గాలీ. అక్కడ కిండర్ స్కౌట్ అనే కొండ మీద జమీందార్లు వేట కోసం పక్షులను పెంచుకుంటూ జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు వందల మంది కలిసి ఆ కొండ ఎక్కేశారు. వాళ్ళకు కావలసింది ఆదివారం పూట నడిచే హక్కు. ఐదుగురు జైలుకు పోయారు. 1949లో అక్కడ జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. వారమంతా మిల్లుల్లో పొగ పీల్చినవాళ్ళు బోడి కొండ కోసం జైలుకు పోయారంటే ఆ నడక వాళ్ళకు ఏమిచ్చిందో ఆలోచించండి. మన ఊరి వెనక గుట్టల్లో ఎన్నింటికో ఏ జమీందారు కాపలా లేడు. అయినా మనం పోవడం లేదు.

ఎందుకు పోవడం లేదో మా అత్తే చెప్పింది. ఒకసారి గుట్ట నుంచి దిగొచ్చి, పైన కలివి పొదలు బాగా పెరిగినాయని అన్నాను. ఆమె చేతిలో చాట పక్కన పెట్టింది.

"మా చిన్నప్పుడు ఎండాకాలం కలివిపండ్లకు అందరం పోతాంటిమి. సీతాఫలాలకు పోతాంటిమి. కట్టెలకు అమ్మావాళ్ళు, కొట్టం కప్పను బోదకు నాయనావాళ్ళు. గ్యాసు వచ్చె, మిద్దెలు వచ్చె. ఇంక గుట్టతో ఏం పని?"

నిజమే. ఆ తరానికి గుట్టతో పని ఉండేది, కాబట్టి దారులు ఉండేవి. ప్రతి దారికీ మలుపుకూ పేరు ఉండేది. పని పోయింది, మంచిదే, నెత్తిన కట్టెల మోపుతో దిగిన ఆ ఆడవాళ్ళ మెడ నొప్పి ఎవరికీ వద్దు. అయితే దారులు పూడిపోతున్నాయి, పేర్లు మరుగున పడుతున్నాయి. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేసి వాటిని భద్రం చేశారు. గుట్టల పేర్లూ వంకల పేర్లూ ఇంకా మన పెద్దవాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. ఆ రోజు మా అత్త నాకు తెలియని నాలుగు పేర్లు చెప్పింది. నేను బోడిగుట్ట అనుకున్న దాన్ని వాళ్ళు ఏమనేవాళ్ళో, ఏ బండ కింద వానకు తలదాచుకునేవాళ్ళో చెప్పింది. ఆ తర్వాత ఆమె నన్ను ఆడ ఏముందని అడగలేదు. ఆ బండ ఇంకా ఉందా అని అడిగింది.

ఉంది. మళ్ళీ వారం పోయి చూసొచ్చి చెప్పినాను.

ఒకే గుట్టకు మళ్ళీ మళ్ళీ పోండి. వారానికో కొత్త గుట్ట అంటే అది మళ్ళీ లెక్కల పనే అవుతుంది. ఒకే గుట్టను చలికాలం మంచులోనూ, సంక్రాంతి తర్వాత గడ్డి ఎండినప్పుడూ, తొలకరి పడిన మర్నాడు మట్టి వాసనలోనూ చూస్తే అది మనిషిలాగా పరిచయమవుతుంది. అది మారుతుంటే మనం ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

ఈ నెలలో ఒక ఆదివారం ఎంచుకోండి. మిద్దె ఎక్కి కనబడే గుట్టల్లో దగ్గరిది ఏదో చూడండి. దాని పేరేమిటో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి, ఇంట్లో చెప్పి బయల్దేరండి, ఎక్కిన దారినే దిగండి.